వాకర్ అంటే నడిచేవాడే, కానీ బాటసారి కాదు

‘వాకర్ అన్న ఇంగ్లిష్ ఇంటిపేరు ఊరూరా కాలినడకన తిరిగేవాళ్లకు వచ్చింది’ అని ఒక వ్యాసంలో రాశారు. అది సరికాదండీ. ఆ నడక దారి మీద కాదు, తొట్టిలో.

మగ్గం మీద నుంచి దిగిన ఉన్ని బట్ట జిడ్డుగా, నేత వదులుగా ఉంటుంది. దాన్ని తొట్టిలో వేసి నీళ్లు, నిలవ మూత్రం పోసి గంటల తరబడి కాళ్లతో తొక్కేవారు. మూత్రంలోని అమోనియా జిడ్డును విడగొడుతుంది, తొక్కుడుకు ఉన్ని పోగులు ఒకదానికొకటి పెనవేసుకుని బట్ట కుదించుకుని దళసరి అవుతుంది. జిడ్డు పూర్తిగా పోకపోతే రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. అతిగా తొక్కితే బట్ట అట్టలా బిగుసుకుపోతుంది, మళ్లీ సాగదు. పాత ఇంగ్లిష్‌లో ‘వెయాల్కన్’ అంటే దొర్లించడం, అటూ ఇటూ కదపడం. వాకర్ అక్కణ్నుంచే వచ్చింది.

ఇదే పని చేసేవాణ్ని ఆగ్నేయ ఇంగ్లండ్‌లో ఫుల్లర్ అనీ, నైరుతిన డెవాన్, సోమర్సెట్ వైపు టక్కర్ అనీ, ఉత్తరాన వాకర్ అనీ పిలిచారు. డెవాన్‌లోని ఎక్సెటర్‌లో 1471లో కట్టిన టక్కర్స్ హాల్, అంటే వాళ్ల సంఘం భవనం, ఇప్పటికీ ఉంది. మన ముల్తానీ మట్టి ప్యాకెట్ మీద ‘ఫుల్లర్స్ ఎర్త్’ అని ఉంటుంది చూడండి, అదీ ఈ ఫుల్లరే! జిడ్డు పీల్చడానికి ఆ తొట్టిలో వేసిన మట్టి అది.

ఇంగ్లండ్‌లో 12వ శతాబ్దం నుంచి నీటి చక్రంతో ఆడే కొయ్య సుత్తులు వచ్చి కాళ్ల పని తగ్గించాయి. పేరు మాత్రం మారలేదు.