సవరణ: రిచర్డ్ ఎడ్సన్ గురించి

అమెరికన్ నటుడు, డ్రమ్మర్ రిచర్డ్ ఎడ్సన్ మీద మొన్న రాసిన పోస్టులో ఒక తప్పు దొర్లింది, క్షమించండి. సోనిక్ యూత్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్‌లో 80ల పొడవునా డ్రమ్స్ వాయించింది ఆయనే అన్నాను. కాదు. ఆయన ఉన్నది మొదట్లో కొద్దికాలమే, 1982లో వచ్చిన తొలి ఈపీలో (కొద్ది పాటలే ఉండే చిన్న రికార్డు) వినిపించే డ్రమ్స్ మాత్రం ఆయనవే. 1985 నుంచి ఆ సీట్లో కూర్చున్నది స్టీవ్ షెల్లీ. ఇంకొకరి ఏళ్ల కష్టాన్ని ఈయన ఖాతాలో వేసేశాను, అది నాకు నిజంగా బాధగా ఉంది.

సినిమాల గురించి రాసింది సరైనదే. 1984లో జిమ్ జార్ముష్ తీసిన బ్లాక్ అండ్ వైట్ సినిమా 'స్ట్రేంజర్ దాన్ ప్యారడైజ్'లో ఎడ్డీగా వేశాడు (పక్కన జాన్ లూరీ, ఆయనా సంగీతకారుడే), 1989లో స్పైక్ లీ తీసిన 'డూ ది రైట్ థింగ్' సినిమాలో పిజ్జా కొట్టు యజమాని చిన్నకొడుకు వీటో. నాకైతే వీటోనే ఎక్కువ ఇష్టం.