మోంట్‌సెరాట్: ఓటు ద్వీపంలో, ఖజానా లండన్‌లో

కరీబియన్‌లోని బ్రిటిష్ ద్వీపం మోంట్‌సెరాట్‌లో 2024 అక్టోబరు 24న జరిగిన ఎన్నికల్లో అధికార పార్టీ ఎంక్యాప్ ఓడిపోయింది. రూబెన్ మీడ్ నాయకత్వంలోని యునైటెడ్ అలయన్స్ తొమ్మిదింట ఐదు సీట్లతో గట్టెక్కింది. మీడ్ కొత్త మనిషేమీ కాదు. 1991లో ముఖ్యమంత్రి అయ్యారు, 2009లో మళ్లీ వచ్చారు. 2011లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం ఆ పదవిని ప్రీమియర్‌గా మార్చినప్పుడు తొలి ప్రీమియర్ కూడా ఆయనే. ఈసారి ఓడించింది ఒకప్పుడు తాను నడిపిన పార్టీనే! 2014లో ఆయన, 2019లో అంతవరకూ ప్రీమియర్ రోమియో హయాంలో పాలించిన పీడీఎం పార్టీ, ఇప్పుడు ఎంక్యాప్ ప్రీమియర్ టేలర్-ఫారెల్... వరసగా అందరినీ ఓటర్లు దించేశారు.

జనం నిలకడ లేనివాళ్లు అనుకుంటే పొరపాటు. వాళ్లు శిక్షించగలిగేది ప్రీమియర్‌నే, డబ్బు మాత్రం ఆయన చేతిలో లేదు.

1995లో సూఫ్రియర్ హిల్స్ అగ్నిపర్వతం మేల్కొంది. 1997లో జరిగిన విస్ఫోటంలో 19 మంది చనిపోయారు, రాజధాని ప్లిమత్ బూడిద కింద కూరుకుపోయింది. పదివేలకు పైగా ఉన్న జనాభా ఇప్పుడు నాలుగున్నర వేలకు అటూఇటూ. దక్షిణ భాగం నిషిద్ధ ప్రాంతం. 1997 ఆగస్టులో సాయం చాలదంటూ జనం రోడ్డెక్కితే రాజీనామా చేసింది ముఖ్యమంత్రి బెర్‌ట్రాండ్ ఆస్బోర్న్. ఆ సాయం ఎంతో తేల్చింది లండన్. ‘ఇక బంగారు ఏనుగులు కావాలంటారు’ అని వెటకరించిన బ్రిటన్ మంత్రి క్లేర్ షార్ట్‌ను ఓడించే ఓటు మోంట్‌సెరాట్ వాసికి లేదు.

నేటికీ బడ్జెట్‌లో సగానికి పైగా బ్రిటన్ సాయమే. కేబినెట్ సమావేశానికి అధ్యక్షత వహించేది లండన్ పంపిన గవర్నర్. అగ్నిపర్వతం వేడితో కరెంటు తీద్దామని 2013లో బ్రిటన్ డబ్బుతో బావులు తవ్వారు. పదేళ్లు దాటినా, 2024 ఎన్నికల నాటికి వాటితో ఒక్క ఇంట్లోనూ దీపం వెలగలేదు. అయినా కరెంటు బిల్లు చూసి తిట్టుకునేది ప్రీమియర్‌నే.

ఎన్నికల పద్ధతి కూడా నాయకుడికి ఊపిరి సలపనివ్వదు. ద్వీపమంతా ఒకటే నియోజకవర్గం, ఒక్కో ఓటరు తొమ్మిది మంది వరకూ ఓటేయొచ్చు. మన దగ్గర ఓ మోస్తరు పంచాయతీ అంత జనం కాబట్టి, అభ్యర్థులంతా తెలిసిన ముఖాలే. నచ్చిన ఇద్దరిని ఒక పార్టీ నుంచి, ముగ్గురిని ఇంకో పార్టీ నుంచి ఏరుకోవచ్చు. నాకైతే ఇది ముచ్చటగానే ఉంది, కానీ లెక్క చూడండి. ఐదుగురిలో ప్రీమియర్, ముగ్గురు మంత్రులు పోగా మిగిలేది ఒక్కరు. ఆ ఒక్కరు అలిగితే ప్రభుత్వం టెన్షన్‌లో పడుతుంది. సొంత పక్షం నుంచి మంత్రులను నిలదీయడానికి మిగిలేదీ ఆ ఒక్కరే.

కాబట్టి ఐదేళ్లకోసారి ముఖం మార్చడం కన్నా అక్కడి ప్రజలు అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఏటా బ్రిటన్ అధికారులతో జరిగే సాయం చర్చల్లో ప్రీమియర్ ఎంత అడిగారు, అటువైపు ఎంత కోశారు, ఏ షరతుకు తలూపారు అన్న కాగితాన్ని శాసనసభ ముందు పెట్టాలి. తప్పు మీడ్‌దా, లండన్‌దా అన్నది అప్పుడు ఓటరే తేల్చుకోగలడు.