ఆ అర సెంటీమీటరు ఎవరి జేబులోకి పోయింది?

శనివారం సాయంత్రం ఆరుంపావుకి మిల్టన్ కీన్స్ నుంచి మా ఫ్రెండ్ ఫోన్ చేసి "బయల్దేరిపోయాం బావా, ఫైవ్ మినిట్స్‌లో మోటర్‌వే ఎక్కేస్తాం, ఏడున్నర ఎనిమిదికల్లా మీ ఇంట్లో ఉంటాం" అన్నాడు. వెనకాల వాళ్లావిడ "ఆ నీలం చున్నీ ఎక్కడ పడేశావే" అని పాపని అడుగుతున్న గొంతు వినబడింది, ఎక్కడో కుళాయి నుంచి నీళ్లు పడుతున్న చప్పుడు కూడా వినబడింది. కార్లో కుళాయి ఉండదని నాకు తెలుసు. అయినా సరే సరే అని పెట్టేశా.

సరిగ్గా అదే టైంలో మా అమ్మాయి డైనింగ్ టేబుల్ దగ్గర లెక్కల హోంవర్క్ చేస్తోంది. మేముండేది ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో, తనది ఇయర్ టెన్, జీసీఎస్‌ఈ (ఇక్కడి టెన్త్ బోర్డు పరీక్షలాంటిది) సిలబస్, ఆ వారం చాప్టర్ పేరు బౌండ్స్, అంటే హద్దులు. మనం టెన్త్‌లో స్టాటిస్టిక్స్ చేసేటప్పుడు 1–10, 11–20 అని తరగతులిస్తే ఇటు అర తీసేసి అటు అర కలిపి 0.5–10.5, 10.5–20.5 అని రాసుకునేవాళ్లం గుర్తుందా, ఎందుకు సార్ అంటే "రాయరా, మార్కులొస్తాయి" అనేవారు, ఆ అరే ఇక్కడ ఏకంగా ఒక చాప్టర్ అయి కూర్చుంది.

పెన్సిల్ పొడవు దగ్గరి సెంటీమీటరుకి రౌండ్ చేసి 12 అని ఇస్తారు. అసలు పొడవు 11.5 నుంచి 12.5 మధ్య ఎంతైనా ఉండొచ్చు. 11.5 లోయర్ బౌండ్, అది లెక్కలోకి వస్తుంది. 12.5 అప్పర్ బౌండ్, అది లెక్కలోకి రాదు, సరిగ్గా 12.5 ఉంటే దాన్ని 13 అనాలి కదా. మరి రానిదాన్ని హద్దు అనడమేంటి, 12.49 అని రాస్తే పోలా అని మా అమ్మాయి గొడవ. ఎన్ని తొమ్మిదులు తగిలించినా ఇంకో తొమ్మిదికి చోటుంటుంది తల్లీ, ఆగకుండా తగిలిస్తూనే పోతే అది 12.5 అయిపోతుంది అన్నాను, ఎక్కలేదు. అలిగి గడప దాకా వచ్చి లోపలికి రాని పెద్దల్లుడు లాంటిది 12.5, ఆయన ఇంట్లోకి రాడు, కానీ ఇల్లు ఎక్కడిదాకా అంటే ఆయన కాళ్లు చూపిస్తే చాలు అన్నాను. అది ఎక్కింది.

ఇంతవరకూ నాకేం అభ్యంతరం లేదు. నా అభ్యంతరమల్లా ఆ అర గురించే. పుస్తకం ప్రకారం అర ఇటు, అర అటు, అన్నదమ్ముల వాటాల్లా కొలిచినట్టు సమానం (అన్నదమ్ముల వాటాలు సమానంగా ఉండటం కూడా నేను చూళ్లేదు, అది వేరే సంగతి). ఇంత నిష్పక్షపాతమైన తేడాని నా 46 ఏళ్ల జీవితంలో ఒక్కసారి కూడా కలుసుకోలేదు. కొలత అన్నాక కొలిచేవాళ్లొకరు, కొలిపించుకునేవాళ్లొకరు ఉంటారు, ఆ అర ఎప్పుడూ ఇద్దరిలో ఒకరి జేబులోకే పోతుంది. పరీక్ష బోర్డులు ఈ సంగతి పట్టించుకోకపోవడం మిక్కిలి విచారకరం.

తెనాలిలో మా అమ్మ పూలు కొనడం చూసుంటే ఆ చాప్టర్ రాసినాయన పెన్ను కింద పెట్టేసేవాడు. మల్లెపూలు మూర లెక్కన అమ్ముతారు, మూర అంటే మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా, ఓ అడుగున్నర అనుకోండి. కానీ ఎవరి మోచేయి? పూలమ్మాయి దండ కొస వేళ్లతో పట్టుకుని మోచేతి దాకా లాగుతుంది, లాగేటప్పుడు దారం బిగుస్తుంది, పువ్వుకీ పువ్వుకీ మధ్య సందు పెరుగుతుంది, వేళ్లు కొంచెం లోపలికి ముడుచుకుంటాయి, మణికట్టు పిసరంత వంగుతుంది. ఇదంతా అర నిమిషం పని, మా అమ్మ కళ్లు మాత్రం ఆ మణికట్టు మీదే ఉంటాయి. "చెయ్యి చాపి కొలువమ్మాయ్, అట్టా ముడిస్తే మూరవుద్దా, జానవుద్ది" అంటుంది. "నా చెయ్యే అంతమ్మా, దేవుడిచ్చింది" అంటుందామె. అప్పుడు మా అమ్మ తన చెయ్యి చాపుతుంది. మా అమ్మ పొడగరి. ఇద్దరి మూరలకీ తేడా మూడు వేళ్ల వెడల్పు, ఆ మూడు వేళ్ల కోసం నేను స్కూటర్ మీద ఒంటికాలు ఆనించి ఎన్ని సాయంత్రాలు నిలబడ్డానో. చివరికి ఆ పూలమ్మాయి తన మూరే కొలిచి, దాని మీద నాలుగు పువ్వులు ఎక్కువ వదిలి తుంచేది, ఇద్దరూ గెలిచినట్టే.

ఆ నాలుగు పువ్వుల పేరు కొసరు. ఈ మాటకి ఇంగ్లీషు లెక్కల పుస్తకంలో చోటు లేదు గానీ ఇక్కడి చట్టంలో మాత్రం దాని నీడ కనబడుతుంది. మా కందిపప్పు కేజీ ప్యాకెట్ మీద బరువు పక్కనే బుజ్జి ఇంగ్లీషు ‘e’ అక్షరం ఒకటి ఉంటుంది, దానర్థం ప్యాకెట్ల సగటు కేజీకి తగ్గకూడదని, 985 గ్రాముల కంటే తక్కువున్నవి నలభైకి ఒకటి మించకూడదని, 970 కంటే తక్కువది అసలు ఒక్కటి కూడా ఉండకూడదని. గమనించారా, ఎక్కువ వేస్తే ఏంచేయాలో ఒక్క ముక్క లేదు. చట్టం రాసినవాళ్లకి తెలుసు ఆ అర ఎటు పోతుందో, స్కూల్ పుస్తకానికే తెలీదు. ఇక మన మాస్టార్లు పై (π) విలువ 22/7 అని నేర్పారు చూడండి, వ్యాసార్ధం 7 అయితే వైశాల్యం 154 అని నిద్రలో లేపినా చెప్పేవాళ్లం, నిజానికది 153.938. రెండువేల రెండొందల ఏళ్ల కిందటే ఆర్కిమెడీస్ పై అనేది 22/7 కంటే తక్కువ, 223/71 కంటే ఎక్కువ అని తేల్చాడు, అంటే మనకి పై అని ఇచ్చింది ఒట్టి అప్పర్ బౌండ్. మనవాళ్లు వృత్తానికి కూడా కొసరేశారు.

ఇంతలో అమ్మాయి ఇంకో లెక్క తెచ్చింది. లిఫ్ట్ మోసే బరువు దగ్గరి వందకి 1000 కేజీలు, ఒక్కో పెట్టె దగ్గరి పదికి 60 కేజీలు, క్షేమంగా ఎన్ని పెట్టెలు ఎక్కించొచ్చు? నేను ఠక్కున పదహారు అన్నా. కాదట. లిఫ్ట్ బలం తక్కువలో తక్కువ 950 అనుకోవాలట, పెట్టె బరువు ఎక్కువలో ఎక్కువ 65 అనుకోవాలట, భాగిస్తే 14.6, కాబట్టి పద్నాలుగే. మోసేది బలహీనం, మొయ్యాల్సింది బరువు అనుకోవడం, ఎంత పిరికి శాస్త్రమండీ ఇది! మన షేర్ ఆటో ఈ శాస్త్రాన్ని ఎప్పుడో తలకిందులు చేసింది. అక్కడ ఆటో బలానికి అప్పర్ బౌండ్, మనిషి వెడల్పుకి లోయర్ బౌండ్. ముగ్గురు పట్టే సీట్లో నలుగురు, డ్రైవర్‌కి కుడివైపొకడు ఎడమవైపొకడు, వెనకాల కాళ్లు బయటికేసి ఇద్దరు, అయినా డ్రైవర్ ఆటో ఆపి "ఎక్కండి, ఒక్కరే, ఖాళీ ఉంది" అంటాడు. ఆ ఒక్కరిని ఏ బౌండ్‌లో పెట్టాలో చెప్పే చాప్టర్ ఇంకా రాలేదు.

వయసు సంగతి తర్వాత చెబుదాం అనుకున్నా, ఇప్పుడే చెప్పేస్తా. పుస్తకంలో ట్రంకేషన్ అని ఉంది, వెనకాల అంకెల్ని రౌండ్ చెయ్యకుండా కోసేయడం, అలా కోసి 12 అంటే అసలుది 12 నుంచి 13 లోపు ఏదైనా. వయసు ఇలాగే చెబుతారని ఉదాహరణ ఇచ్చాడు. పాపం ఆయనకి ఒక్క పద్ధతే తెలుసు, మనకి రెండున్నాయి. పెళ్లిచూపుల్లో "29 నిండాయి" అంటాం, ఇంట్లో "ముప్ఫై నడుస్తోంది, ఇంకెప్పుడు" అంటాం, మనిషి ఒకటే, కాయితం ఒకటే. బయోడేటాలో వయసు కోసేస్తాం, ఎత్తు పైకి లేపుతాం, జీతమైతే చేతికొచ్చేది కాదు కంపెనీ లెక్కలో చూపించేది వేస్తాం. ఆ ఎత్తు రాసే పద్ధతి చూసి మా అమ్మాయి అసలు హడలిపోయింది, ఎందుకంటే 5.9 వాడికంటే 5.10 వాడు పొడుగు, 5.11 వాడు ఇంకా పొడుగు. దశాంశం కాదమ్మా అది, అడుగులు అంగుళాలు అంటే "మరి చుక్క ఎందుకు పెట్టారు నాన్నా" అంది. చుక్క పెడితే ఖచ్చితంగా ఉన్నట్టు ఉంటుంది మరి.

ఖచ్చితం అంటే గుర్తొచ్చింది, మా చిన్నాన్న కొడుకు పెళ్లి. హైదరాబాద్‌లో, రాత్రి 2 గంటల 37 నిమిషాలకు సుముహూర్తం అని శుభలేఖలో బంగారు అక్షరాలతో వేశారు. దగ్గరి నిమిషానికి అనుకుంటే 2:36:30 నుంచి 2:37:30 లోపు, అంటే అరవై సెకన్ల కిటికీలో జీలకర్ర బెల్లం పడాలి. ఆ కిటికీ తెరుచుకున్నప్పుడు పెళ్లికూతురు ఇంకా గంపలో ఉంది, మేనమామల్లో ఒకాయనకి నడుం పట్టేసింది. మామయ్య వాచీలో 2:35, బాబాయ్ ఫోన్‌లో 2:37, పురోహితుడు గారు తన ఫోన్ చూసి "గట్టిమేళం, గట్టిమేళం" అని కేకేశారు, ఫొటోగ్రాఫర్ "ఒక్క నిమిషం సార్, తల కొంచెం ఇటు" అన్నాడు. ఒక్క నిమిషం అంటే మొత్తం కిటికీ అన్నమాట. జీలకర్ర బెల్లం పెట్టాక, యాంగిల్ రాలేదు, మళ్లీ పెట్టండి అని రెండోసారి పెట్టించాడు, ఇప్పుడు వాళ్ల పెళ్లి ఏ టైంకి జరిగినట్టు? ఇంకో మాట, మన గడియారం నడిచేది 82.5 డిగ్రీల రేఖాంశం మీద, అది కాకినాడ దగ్గర్లో పోతుంది, హైదరాబాద్ దానికి నాలుగు డిగ్రీలు పడమర, డిగ్రీకి నాలుగు నిమిషాలు, కాబట్టి కాకినాడ సూర్యుడికి హైదరాబాద్ సూర్యుడికి దాదాపు పదహారు నిమిషాల తేడా. పంచాంగం గుణించినాయన తప్పేం లేదు, ఏ ఊరికి గుణించాడో ఆయన స్పష్టంగానే వేసుకుంటాడు. కార్డు ప్రింట్ చేయించిన మా చిన్నాన్నని ఏ ఊరి పంచాంగం అని అడిగితే "ఊరేంట్రా, క్యాలెండర్‌లో ఉంది" అన్నాడు.

ఈ జబ్బు మనదొక్కరిదే అనుకునేరు, 1856లో సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు ఎవరెస్టు ఎత్తు 29,002 అడుగులు అని ప్రకటించారు. లెక్కల్లో సరిగ్గా 29,000 వచ్చిందట, అంత గుండ్రంగా చెబితే జనం ఏదో ఉజ్జాయింపు అనుకుంటారని ఇంకో రెండు కలిపారట, అలా చెప్పుకుంటారు. అదే నిజమైతే టెన్సింగ్, హిల్లరీల కంటే తొంభై ఏడేళ్ల ముందే ఎవరెస్టు మీద రెండు అడుగులు వేసినవాళ్లు ఆఫీసులో కుర్చీ దిగకుండానే వేశారు. 2020లో నేపాల్, చైనా కలిసి చెప్పిన లెక్క 8,848.86 మీటర్లు, అంటే దాదాపు 29,032 అడుగులు, కాబట్టి ఆ రెండు అడుగులూ సరైన దిక్కులోనే పడ్డాయి, కొసరు మాత్రం చాల్లేదు. దీనికి పూర్తిగా ఆపోజిట్ కథ మా సాఫ్ట్‌వేర్ వాళ్లది. 1982లో కెనడాలోని వాంకూవర్ స్టాక్ ఎక్స్చేంజ్ ఒక షేర్ల సూచీని 1000 దగ్గర మొదలుపెట్టి, మార్చిన ప్రతిసారీ మూడు దశాంశాల తర్వాతది రౌండ్ చెయ్యకుండా కోసేస్తూ పోయింది. 1983 నవంబర్‌కి అది 524 చూపిస్తోంది, సరిగ్గా లెక్కేస్తే 1098 ఉండాలి. మా అమ్మ అయితే మొదటి మూరలోనే పట్టుకునేది.

కావున పరీక్ష బోర్డుల వారికి నా సవినయ విన్నపం ఏమనగా, ఇకపై ప్రతి కొలత పక్కన "కొలిచినవారు ఎవరు, అమ్మేవారా కొనేవారా" అని ఒక కాలమ్ చేర్చగలరు. ‘ఐదు నిమిషాలు’ అను ప్రమాణానికి లోయర్ బౌండ్ ఐదు నిమిషాలుగానూ, అప్పర్ బౌండ్ లేనట్టుగానూ గుర్తించగలరు. మా ఆఫీస్‌లో "టూ డేస్ వర్క్" అనబడునది కూడా ఇదే శీర్షిక కింద వచ్చును.

ఇది టైప్ చేస్తుంటే మా ఆవిడ వంటింట్లోంచి "ఏవండీ, పూరీలకి పిండి కలపనా ఆగనా, ఎన్నింటికొస్తారు వాళ్లు?" అని అడిగింది. అప్పటికి తొమ్మిదైంది, మధ్యలో ఫోన్ చేస్తే "దగ్గరికొచ్చేశాం, ఫైవ్ మినిట్స్" అన్నాడు. మా అమ్మాయి పుస్తకంలో ఆఖరి లెక్క ఎలా ఉంటుందంటే, రెండు బౌండ్లూ కట్టి, రెండూ ఏ మేరకు రౌండ్ చేస్తే ఒకేలా వస్తాయో అంతవరకే జవాబు చెప్పాలి, కారణం కూడా రాయాలి. సరే కదా అని మేమిద్దరం కూర్చుని చేశాం. దగ్గరికొచ్చేశాం అంటే తక్కువలో తక్కువ అరగంట, ఎక్కువలో ఎక్కువ ఇంకా చున్నీ దొరకలేదు. దగ్గరి నిమిషానికి కలవలేదు, దగ్గరి గంటకి కలవలేదు. చాలాసేపు కొట్టుకున్నాం, గిన్నెలోని పిండి మీద తడిగుడ్డ ఆరిపోయింది, చివరికి రెండు హద్దులూ ఒప్పుకునే జవాబు ఒకటి దొరికింది.

"ఇవాళే వస్తారు" అన్నాను.

మా ఆవిడ గోడ గడియారం వైపు చూసింది. పదకొండున్నర. "అది కూడా గ్యారంటీగా చెప్పకండి" అంది.