సైన్సు సిలబసూ, నా మొహమూ

మా వాడిని బడి మాన్పించాం. కారణాలు ఇక్కడ రాయను. నిజాంపేట నుంచి పొద్దున్న పూట ఏ వైపుకైనా బస్సెక్కినవాళ్లకు చెప్పక్కర్లేదు, ఎక్కనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. ఇంట్లోనే ఏడో తరగతి. లెక్కలు మా ఆవిడ, తెలుగు మా అమ్మ, ఇంటర్లో ఎంపీసీ చదివిన నేరానికి సైన్సు నా నెత్తిన పడింది.

చెప్పడం తర్వాత సంగతి. ముందు ఏ సిలబసో తేలాలి కదా. కేంద్రం తరఫున పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు 2024లో ఆరో తరగతికీ, 2025లో ఏడు, ఎనిమిది తరగతులకీ ‘క్యూరియాసిటీ’ పేరుతో కొత్త సైన్సు పుస్తకాలు తెచ్చారు. బాగున్నాయి. పైగా నెట్‌లో ఉచితం. ఉచితం అనగానే మా బావమరిది పెదవి విరిచాడు. స్టేట్ సిలబస్ అయితే ఏడు వరకు సైన్సుకు ఒకటే పుస్తకం, ఎనిమిది నుంచి భౌతిక రసాయన శాస్త్రం ఒకటి, జీవశాస్త్రం ఒకటి. కేంబ్రిడ్జ్ వాళ్లకు 7, 8, 9 స్టేజీలు, ఆఖర్న చెక్‌పాయింట్ పరీక్ష. పదో తరగతి పరీక్షకు కేంద్రం వాళ్ల ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్ ఉండనే ఉంది, 14 ఏళ్లు నిండితే రాయొచ్చు. ఇదంతా ఒక ఎక్సెల్ షీట్‌లో రంగులు వేసి పెట్టుకున్నాను. మా ఆవిడ ఆ షీట్ చూసి, “రంగులు బాగున్నాయండీ” అంది.

ఇంట్లో చదివించే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో అడుగుదామని అడిగితే ఒకావిడ, “సిలబస్ ఎందుకండీ, పిల్లాణ్ణి చీమల్ని చూస్తూ కూర్చోనివ్వండి” అన్నారు. మా వాడు చీమల్ని ఎంతసేపైనా చూస్తాడు. చక్కెర డబ్బా మూత తీసి మరీ చూస్తాడు. ఇంకొకాయన ఎవరూ అడక్కుండానే విదేశీ కరిక్యులమ్ అమ్మేవాళ్ల లింకు పెట్టాడు. ఆ లింకు నొక్కిన నిమిషం నుంచి నా ఫోను నాది కాకుండా పోయింది.

ఫోను చేసేవాడి హోదా ‘అకడమిక్ కౌన్సెలర్’. గొంతు వింటే నిన్నగాక మొన్న బీటెక్ పాసైనవాడిలా ఉంది. నేను అడిగిన ప్రశ్న ఒక్కటే: ఏడో తరగతి సైన్సులో మీ దగ్గర ఏముంది? దానికి తప్ప అన్నిటికీ జవాబు చెప్పాడు. ఏడాదికి లక్షా పద్దెనిమిది వేలు, వడ్డీ లేని ఈఎంఐ, పిల్లాడి ‘మైండ్‌సెట్’, నా ‘పేరెంటింగ్ జర్నీ’. డెమోకు అమ్మా నాన్నా ఇద్దరూ కెమెరా ముందు ఉండాలట. ఇద్దరూ లేకపోతే లింకు ఓపెన్ కాదన్నట్టే మాట్లాడాడు.

శాంపిల్ అధ్యాయాలు పంపాడు. మొదటి పాఠంలో పిల్లలు పెరట్లోకెళ్లి రాలిన మేపుల్ ఆకులు ఏరుకురావాలి. మా పెరడు అంటే నాలుగో అంతస్తు బాల్కనీ, అందులో ఒక తులసి కుండీ, ఒక పాత ఏసీ డబ్బా. ఉష్ణోగ్రతలన్నీ ఫారెన్‌హీట్‌లో. రాళ్ల పాఠం నిండా గ్రాండ్ కాన్యన్. జూబ్లీహిల్స్‌లో బ్లాస్టింగు పెట్టి పగలగొడుతున్న బండలు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ కదయ్యా, తెలంగాణలోనే యామనపల్లి దగ్గర తవ్విన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం మన నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియంలోనే నిలబడి ఉంది కదయ్యా అన్నాను. “సూపర్ సార్, అది మీరు ఎక్స్‌ట్రా కరిక్యులర్‌గా పెట్టుకోవచ్చు” అన్నాడు.

సరే, శనివారం పదకొండింటికి డెమో. పాఠం: ఆమ్లాలు, క్షారాలు. కావలసిన సామాను జాబితా శుక్రవారం రాత్రి పదిన్నరకు పంపాడు. అందులో మొదటిది ఎర్ర క్యాబేజీ. పొద్దున్నే కూకట్‌పల్లి రైతుబజార్‌కు వెళ్లి అడిగితే, “ఎర్రది ఏం జేస్తరు సార్, తెల్లది మంచిగుంది, తీస్కపోండి” అంది అక్కడి అమ్మ. తీసుకొచ్చాను. ఫోను చేసి కౌన్సెలర్‌కు చెబితే, “నో ఇష్యూస్ సార్, మనది లోకల్ ఫ్రెండ్లీ కరిక్యులమ్, పసుపు వాడండి, సేమ్ రిజల్ట్” అన్నాడు.

సేమ్ రిజల్ట్ రాదు. ఆమ్లమో క్షారమో రంగు మారి చెప్పే పదార్థాన్ని సూచిక అంటారు. ఎర్ర క్యాబేజీలో ఆ పని చేసేవి ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాలు. పులుపు తగిలితే గులాబీ రంగు, క్షారం తగిలితే ఆకుపచ్చ, రెండు వైపులా మారతాయి. పసుపులో ఉండేది కర్‌క్యుమిన్. దానికి ఒకటే పట్టుదల: సబ్బు, సున్నం లాంటివి తగిలితే ఎర్రబడుతుంది, నిమ్మరసం ఎంత పోసినా పసుపుగానే ఉంటుంది. ఇంత స్పష్టంగా ఇప్పుడు రాస్తున్నాను గానీ, శనివారం పదకొండుంబావుకు నా ముందున్నది గిన్నెడు పసుపునీళ్లు, ఎదురుగా లాప్‌టాప్‌లో ‘పింక్’ అని పెద్దక్షరాల స్లైడు, ఆ స్లైడు తప్ప ప్రపంచంలో ఇంకేదీ నమ్మని ఒక కుర్రాడు.

“నిమ్మరసం వేశారా సార్?”

“వేశానండి.”

“పింక్ వచ్చిందా?”

“రాలేదండి.”

“కొంచెం వెయిట్ చేద్దాం సార్. సైన్స్ అంటే పేషెన్స్.”

వెయిట్ చేశాం. కుటుంబం మొత్తం ఒక గిన్నె చుట్టూ కూర్చుని పసుపునీళ్లకేసి చూస్తున్నాం. ఎదురింటివాళ్లు చూసి ఉంటే అంజనం వేస్తున్నామనుకునేవాళ్లు. రంగు మారలేదు. “ఇంకొకటి పిండండి సార్” అన్నాడు. పిండాను. “ఫుల్‌గా పిండండి.” ఫుల్‌గా పిండాను. “ఏమండీ, అవి పులిహోరకు తెచ్చిన నిమ్మకాయలు” అని మా ఆవిడ పళ్ల బిగువున, కెమెరాకు నవ్వు మొహం పెట్టి అంది. కౌన్సెలర్ మాత్రం ఆపలేదు. మా గిన్నెలో రంగు మారితే గానీ అతని స్లైడు ముందుకు కదలదన్నట్టు ఉన్నాడు. “నాన్నా, పసుపు పులుపుకు మారదు, ఆ ఫ్రీ పుస్తకంలోనే ఉంది” అన్నాడు మావాడు. “కిడ్ చాలా షార్ప్ సార్! మన అడ్వాన్స్‌డ్ ప్యాక్‌కి పర్ఫెక్ట్” అన్నాడు కౌన్సెలర్. అడ్వాన్స్‌డ్ ప్యాక్ రేటు వేరే.

ఇంకో నిమ్మచెక్క పిండేసరికి రసం చిమ్మి నేరుగా కంట్లో పడింది. కంట్లో నిమ్మరసం పడ్డ మనిషి చేతులకు ఏముందో చూసుకోడు. పసుపు చేతులతో కళ్లు, ముక్కు, నుదురు, చెంపలు అన్నీ రుద్దేసుకున్నాను. కళ్లు మూసుకునే తడుముకుంటూ యుటిలిటీలోకి పరిగెత్తాను. చేతికి తగిలింది బట్టల సబ్బు. బట్టల సబ్బుకు క్షారగుణం ఎక్కువన్న సంగతి ఆ క్షణాన ఎవరికి గుర్తుంటుంది? మొహమంతా నురగ చేసి తోమేశాను. రెండు దోసిళ్ల నీళ్లు కొట్టుకుని, ఒంటికన్ను సగం తెరిచి, మర్యాద కోసం మళ్లీ కెమెరా ముందుకు వచ్చి కూర్చున్నాను.

సరిగ్గా ఆ టైములో బేరం ఖాయం చేయడానికి వాళ్ల సీనియర్ మేనేజర్ కాల్‌లోకి వచ్చాడు. “హలో సార్, వెల్‌కమ్ టు అవర్ ఫ్యామి...” అని ఆగిపోయాడు.

కౌన్సెలర్ గొంతు ఒక్కసారిగా సన్నబడింది. “సార్... బ్లడ్! మేడమ్, సార్‌కి బ్లడ్!”

మా ఆవిడ నాకేసి చూసి, భర్త మొహం ఎర్రగా కారుతుంటే భార్య ఏం చేయాలో అది చేయకుండా పడీ పడీ నవ్వింది. ఆ నవ్వుతో మేనేజర్‌కు అనుమానం ఇంకా పెరిగింది. “మేడమ్, ప్లీజ్ కామ్ డౌన్, అంబులెన్స్ పిలవమంటారా?” అని అడిగాడు. 108 అని ఎవరో వెనక నుంచి అరవడం కూడా వినిపించింది. ఎంతమంది చూస్తున్నారసలు? స్క్రీన్ మూల ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది, కాల్ రికార్డవుతోంది. ‘ట్రైనింగ్ పర్పస్’ అని ముందే చెప్పారు. ఏం ట్రైనింగ్ ఇస్తారో, ఎవరికిస్తారో.

అదే సమయంలో కరివేపాకు కోసం పక్క ఫ్లాటు ఆవిడ బెల్లు కొట్టడం, మావాడు తలుపు తీయడం కూడా అయ్యాయి. “అయ్యో, అన్నయ్యగారికి ఏమైందండీ?” అందావిడ గుమ్మంలోనే. మా అమ్మ దేవుడి గదిలోంచి బయటికొచ్చి, నింపాదిగా, “ఏంలేదమ్మా, సైన్సు” అంది.

తర్వాత నన్ను కుర్చీలో కూలేసి అమ్మ మొదలుపెట్టింది. “ఒరేయ్, పసుపునీళ్లలో సున్నం కలిపి ఎర్రనీళ్లు తీసి, నీకు పుట్టిన రోజు నుంచి పెళ్లి పీటల దాకా దిష్టి తీశాను కదరా. ఈ ముక్క చెప్పడానికి ఆ అబ్బాయికి లక్షా పద్దెనిమిది వేలా?” అని, మిగిలిన నిమ్మచెక్కలన్నీ నా మొహానికి రుద్దింది. ఎరుపు పోయింది. పసుపు మాత్రం ఎక్కడికీ పోలేదు. సోమవారం పొద్దున్న ఆఫీసు మీటింగులో నేను నలుగు పెట్టిన పెళ్లికొడుకునే. మా మేనేజర్ కెమెరా ఆఫ్ చేసుకోవచ్చని ఎప్పుడూ అననివాడు ఈసారి తనంతట తానే అన్నాడు.

మావాడి నోట్సు తీసి చూశాను. నీట్‌గా గీతలు గీసి పట్టిక వేశాడు. మొదటి గడిలో ‘సూచిక: నాన్న’. పక్క గడుల్లో ‘క్షారంలో ఎరుపు, ఆమ్లంలో పసుపు’. కింద బొమ్మ కూడా వేశాడు, ముక్కు కాస్త ఎక్కువైంది. దీనికి ఎన్ని మార్కులు వేయాలో ఎక్సెల్ షీట్‌లో ఎక్కడా లేదు.

సిలబస్ ఇంకా తేలలేదు. బావమరిది కేంబ్రిడ్జ్ అంటున్నాడు, గ్రూపులో ఆవిడ ఇంకా చీమల దగ్గరే ఉన్నారు. ఇది రాస్తుండగా కౌన్సెలర్ నుంచి మెసేజ్ వచ్చింది: “హాయ్ సార్, హోప్ యూ ఆర్ సేఫ్. ఆఫర్ రాత్రి పన్నెండింటి వరకే. సేఫ్టీ గాగుల్స్ కిట్‌లో ఫ్రీ.” దాని కిందే ఇంకొకటి. వచ్చే శనివారం రెండో డెమో పెట్టారట, ఈసారి ఉష్ణం పాఠం, ఒక కొవ్వొత్తి, అగ్గిపెట్టె, కొంచెం వంటనూనె దగ్గర పెట్టుకోవాలట.