కంపెనీ ఫిట్టింగ్ 2జేజెడ్‌కి 1000 హార్స్‌పవరా?

డాలస్‌లో చదువుకుంటున్న మా బాబాయి కొడుకు పోయిన వారం ఒక వీడియో పంపి, "అన్నా, ఈ ఇంజిన్ ఉన్న లెక్సస్ ఐఎస్300 ఇక్కడ చవగ్గా దొరుకుతోంది, కొనేయనా?" అని అడిగాడు. ఆ వీడియోలోని మాటలు కొత్తవేం కాదు. కార్ల పిచ్చి ఉన్న కుర్రాళ్ల ఫోన్లలోకి ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటాయి. కుదించి చెబితే ఇవీ: "టయోటా 2జేజెడ్ ఇంజిన్‌ని తన స్పోర్ట్స్ కారు సుప్రా కోసం, రేసుల కోసం తయారు చేసింది. బోల్టు విప్పకుండా 1000 హార్స్‌పవర్ తట్టుకుంటుంది. జపాన్ చట్టానికి భయపడి 280 అని రాశారు. దానికి చావు లేదు. అలాంటిది మళ్లీ చేయడం చేతకాక టయోటా బీఎండబ్ల్యూ ఇంజిన్ తెచ్చుకుంది."

నాకు ఈ ఇంజిన్ అంటే ప్రాణం. అందుకే దాని గురించి అబద్ధం తిరుగుతుంటే ఊరుకోలేను. ఒక్కో మాటా చూద్దాం.

"సుప్రా కోసం తయారు చేసింది." టర్బో (ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా తోసే పరికరం) ఉన్న 2జేజెడ్-జీటీఈ మొదట వచ్చింది సుప్రాలో కాదు. 1991లో అరిస్టో అనే నాలుగు తలుపుల పెద్ద సెడాన్‌లో వచ్చింది. ఈ ఇంజిన్‌తో కొత్త సుప్రా వచ్చింది 1993లో. జేజెడ్ కుటుంబంలో ముందు పుట్టింది 2.5 లీటర్ల 1జేజెడ్, 1990 నాటిది. అది ఎక్కువగా తిరిగింది క్రౌన్, మార్క్ 2, చేజర్ లాంటి కార్లలో, అంటే ఆఫీసర్లు, డాక్టర్లు కొనుక్కునే కార్లలో.

ఆ కార్లకు కావలసింది నున్నగా తిరిగే ఇంజిన్. ఆరు సిలిండర్లూ ఒకే వరసలో ఉంటే 1–6, 2–5, 3–4 పిస్టన్లు జంటలుగా పైకీ కిందికీ కదులుతాయి. ఒక జంట పుట్టించే అదురును మిగతా రెండు జంటలూ కలిసి చెరిపేస్తాయి. విడిగా బ్యాలెన్స్ షాఫ్టులు అక్కర్లేదు. టయోటా 1965 నుంచి క్రౌన్‌లో వాడిన ఎం కుటుంబం కూడా ఇలా ఆరు వరస సిలిండర్లదే. జేజెడ్ దాని వారసురాలు.

ఎం కుటుంబంలో చివరిదైన 7ఎం-జీటీఈకి హెడ్ గాస్కెట్ (బ్లాక్‌కీ దాని పైన కూర్చునే హెడ్‌కీ మధ్య ఉండే సీల్) పోవడం పెద్ద తలనొప్పి. ఫ్యాక్టరీలో హెడ్ బోల్టుల బిగింపు తక్కువగా ఉండటమే దానికి కారణమని దాన్ని విప్పి బిగించిన మెకానిక్‌లు చెబుతారు. దాని బోర్ (సిలిండర్ వెడల్పు) 83 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 91. 2జేజెడ్‌కి రెండూ 86. లీటర్ల లెక్కలో పెద్ద తేడా లేదు, 2954 సీసీ ఒకటి, 2997 సీసీ ఇంకొకటి. కానీ పొడవాటి స్ట్రోక్ పోయింది, మందపాటి పోత ఇనుప బ్లాక్ వచ్చింది, గాస్కెట్ గోల దాదాపు లేకుండా పోయింది. ఈ ఇంజిన్ బలమంతా ఇక్కడి నుంచి వచ్చింది. సెడాన్ కొన్నవాడు ఏళ్ల తరబడి హెడ్ దించే పని లేకుండా తిరగాలని ఇచ్చిన బలం అది.

"రేసుల కోసం తయారు చేసింది." 1997లో పెడ్రో డి లా రోసా, మైకేల్ క్రమ్ జపాన్ జీటీ చాంపియన్‌షిప్ గెలిచింది సుప్రాతోనే. ఆ సుప్రా బానెట్ కింద ఉన్నది మాత్రం 3ఎస్-జీటీఈ, నాలుగు సిలిండర్ల 2 లీటర్ల ఇంజిన్. 1995లో లె మాన్స్ 24 గంటల రేసుకి వెళ్లిన సుప్రాలోనూ అదే జాతి ఇంజిన్. ఇనుప ఆరు సిలిండర్లది బరువు, పొడవూ ఎక్కువ. చిన్న ఇంజిన్‌ని వెనక్కి జరిపి కూర్చోబెడితే కారు మలుపుల్లో బాగా తిరుగుతుంది. అంటే టయోటా తన రేసు సుప్రాలోంచే ఈ ఇంజిన్‌ని తీసేసింది. రేసు కోసం కొలిచి తయారు చేసిన జపాన్ ఆరు సిలిండర్ల ఇంజిన్ కావాలంటే నిస్సాన్ ఆర్‌బీ26 ఉంది. గ్రూప్ ఏ అనే రేసుల నిబంధనల్లో టర్బో ఇంజిన్ సైజుని 1.7తో గుణించేవారు కాబట్టి, 4.5 లీటర్ల తరగతి దాటకుండా దాన్ని 2568 సీసీకి ఆపారు. 2జేజెడ్‌కి రేసు పేరు తర్వాత వచ్చింది, తిన్నని దారిలో సాగే డ్రాగ్ రేసుల కోసం ఇంజిన్ పవర్ పెంచే ట్యూనర్లు తెచ్చిపెట్టారు.

ఇక అసలు మాట, "బోల్టు విప్పకుండా 1000." ఇందులో నిజం ఉంది, కాబట్టే ఇంతగా తిరుగుతోంది. బ్లాక్, క్రాంక్, రాడ్లు, పిస్టన్లు ఏవీ మార్చకుండా 600–700 హార్స్‌పవర్ దగ్గర నడుస్తున్న 2జేజెడ్-జీటీఈలు చాలానే ఉన్నాయి. వాటితోనే 1000 ముట్టుకున్నవీ ఉన్నాయి. కానీ లోపలి ఇనుము తట్టుకోవడం వేరు, కంపెనీ ఫిట్టింగ్‌లో ఉన్న ఇంజిన్ ఆ పవర్ ఇవ్వడం వేరు.

పెట్రోల్ లెక్క ఒక్కటి వేసి చూడండి. 1000 హార్స్‌పవర్ రావాలంటే టర్బో ఇంజిన్ నిమిషానికి సుమారు 5 లీటర్ల పెట్రోల్ తాగాలి. జపాన్ మోడల్‌లో ఒక్కో ఇంజెక్టర్ నిమిషానికి 440 సీసీ చిమ్ముతుంది. ఆరూ కలిపి, క్షణం మూసుకోకుండా తెరిచే ఉంచినా 2.64 లీటర్లు. అమెరికా మోడల్‌లో 550 సీసీవి, మొత్తం 3.3 లీటర్లు. మిగతా పెట్రోల్ ఎక్కణ్నుంచి వస్తుంది? గాలి సంగతీ అంతే. 7000 ఆర్‌పీఎం దగ్గర ఈ ఇంజిన్ టర్బో లేకుండా పీల్చుకోగలిగిన దానికి మూడు రెట్లకు పైగా గాలిని లోపలికి తొయ్యాలి. కంపెనీ ఇచ్చిన రెండు చిన్న టర్బోలకి అందులో సగం తొయ్యడమే గగనం. పైగా జపాన్ మోడల్ టర్బోల టర్బైన్ చక్రాలు సెరామిక్‌వి. బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) పెంచితే పగిలిపోతాయి.

కాబట్టి 1000 కావాలంటే పెద్ద సింగిల్ టర్బో, మానిఫోల్డ్, ఇంజెక్టర్లు, ఫ్యూయల్ పంపులు, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్), ఇంటర్‌కూలర్, క్లచ్ మార్చాలి. హెడ్‌లో క్యామ్‌లు, వాల్వ్ స్ప్రింగులు కూడా మార్చాలి. బోల్టు విప్పకపోవడం సంగతి అటుంచి, బ్లాక్ తప్ప విప్పనిదంటూ మిగలదు. దాన్ని ట్యూన్ చేసేవాడి చేతి పనిని "కంపెనీదే" అనేయడం అతనికి అన్యాయం. ఇంజిన్‌కీ అన్యాయమే, ఎందుకంటే అలాంటి పవర్ దగ్గర అది ఎన్ని కిలోమీటర్లు బతుకుతుందో ఆ వీడియోలు చెప్పవు.

"చట్టానికి భయపడి 280." అది చట్టం కాదు. జపాన్ కంపెనీలు తమలో తాము అనుకున్న ఒప్పందం. 1989 ప్రాంతంలో మొదలై 2004లో ముగిసింది. ఆ ఒప్పందం లేని అమెరికాలో ఇదే ఇంజిన్‌కి టయోటా చూపించిన అంకె 320. అది కూడా వేరే టర్బోలు, పెద్ద ఇంజెక్టర్లు, వేరే క్యామ్‌లు పెట్టాక. దాచిపెట్టిన వందలు ఏవైనా ఉంటే అక్కడైనా బయటపడేవి. ఒప్పందం ప్రభావం చూడాలంటే టార్క్ (తిప్పే బలం) చూడండి. 1997లో వీవీటీ-ఐ (వాల్వులు తెరుచుకునే వేళను మార్చే ఏర్పాటు) పెట్టాక పవర్ 280 దగ్గరే ఆగింది, టార్క్ మాత్రం 431 నుంచి 451 న్యూటన్ మీటర్లకు పెరిగింది.

"చావు లేదు" అనే మాటకు జవాబు ఏ మెకానిక్‌ని అడిగినా చెబుతాడు. టైమింగ్ బెల్ట్ వేళకి మార్చాలి. క్రాంక్ పుల్లీలో రబ్బరు వయసుతో విడిపోతుంది. వాల్వ్ సీళ్లు గట్టిపడి పొగ వస్తుంది. ఈ ఇంజిన్లలో చివర్లో తయారైనవాటికి కూడా ఇప్పుడు దాదాపు ఇరవై ఏళ్లు.

"చేతకాక బీఎండబ్ల్యూ." 2003 నుంచి టయోటా తన పెద్ద సెడాన్లకు జీఆర్ వీ6 ఇంజిన్లు (సిలిండర్లు వీ ఆకారంలో రెండు వరసలుగా ఉండేవి) వాడింది. అవి పొట్టివి, అల్యూమినియంవి, అడ్డంగా కూర్చోబెట్టే కార్లలో కూడా పడతాయి. ఆరు వరస సిలిండర్ల ఇంజిన్ అలా పట్టడం కష్టం. సుప్రాని 2002లో జపాన్‌లో ఆపింది కొత్త కాలుష్య నిబంధనల వల్ల. 2019లో సుప్రాని మళ్లీ తెచ్చినప్పుడు ఆ ఒక్క స్పోర్ట్స్ కారు కోసం మొత్తం కొత్త ఇంజిన్ కుటుంబం పెట్టడం డబ్బు లెక్కలో కుదరదు. బీఎండబ్ల్యూ దగ్గర బీ58 అనే ఆరు వరస సిలిండర్ల ఇంజిన్ అప్పటికే సిద్ధంగా ఉంది.

మావాడి ఐఎస్300 సంగతికొస్తే, అందులో ఉన్నది 2జేజెడ్-జీఈ. పేరులో 'టీ' లేదు, అంటే టర్బో లేదు. కంప్రెషన్ (సిలిండర్ గాలినీ పెట్రోల్‌నీ ఎన్ని రెట్లు నొక్కుతుందో ఆ లెక్క) 10.5, జీటీఈది 8.5. పిస్టన్ల కింద ఆయిల్ చిమ్మి చల్లబరిచే జెట్లు లేవు. అమెరికాలో దాని అంకె 215. "వీడియోలో చూపించిన ఇంజిన్ అది కాదు తమ్ముడూ. టర్బో పెట్టాలన్న ఆలోచన లేకపోతే కొనుక్కో, హాయిగా తిరుగుతుంది. ముందు టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమను, పొద్దున్నే చల్లటి ఇంజిన్ నీ ముందే స్టార్ట్ చేయించి వెనక నీలం పొగ వస్తుందేమో చూడు" అని చెప్పాను. శనివారం వెళ్లి చూస్తానన్నాడు.