హషిమొతో షినొబు సాక్ష్యం చెల్లుతుందా? – ఒక వాదోపవాదం

చర్చనీయాంశం: జపాన్ సినీ రచయిత హషిమొతో షినొబు (1918–2018) తన 88వ ఏట, 2006లో, ‘ఫుకుగన్ నో ఎయిజో’ అనే పుస్తకం ప్రచురించారు. దర్శకుడు అకిరా కురొసావాతో కలిసి ‘రషోమన్’, ‘ఇకిరు’, ‘సెవెన్ సమురాయ్’ వంటి చిత్రాలకు స్క్రీన్‌ప్లే రాసిన రోజుల వృత్తాంతమది. ఆయన వృత్తిజీవితానికి ఆ పుస్తకాన్ని ప్రమాణంగా స్వీకరించవచ్చునా అన్నది ప్రశ్న.

ప్రతివాది: స్వీకరించరాదని నా వాదన. కురొసావా 1998లో కన్నుమూశారు. వారితోపాటు రచనకు కూర్చున్న ఒగుని హిదేయో అంతకు రెండేళ్ళ ముందే మరణించారు. కాదనగలవారు ఎవరూ మిగలని వేళ అర్ధశతాబ్దం కిందటి సంభాషణలను పూసగుచ్చినట్టు చెప్పే పుస్తకాన్ని ఆసక్తితో చదవవచ్చును గాని, దాని ఆధారంగా చరిత్ర రాయకూడదు. ‘రషోమన్’నే తీసుకోండి. రచయిత అకుతగావా కథ ఒకదాన్ని హషిమొతో స్క్రీన్‌ప్లేగా మలిస్తే, సినిమాకు నిడివి చాలలేదు. అదే రచయిత రాసిన ‘రషోమన్’ కథను కూడా అందులో కలపాలన్న ఆలోచన తన నోటినుంచే వచ్చిందని హషిమొతో అంటారు. అది తనకే తట్టిందని కురొసావా తన ఆత్మకథలో రాసుకున్నారు. ఇద్దరిలో ఒకరి జ్ఞాపకం తప్పు.

వాది: మీరు ఆ ఘట్టాన్ని సగంలో ఆపేశారు. ముందూవెనుకా ఆలోచించకుండా ఆ మాట అనేశాననీ, తీరా రాయబోతే రెండు కథలూ అతకలేదనీ, చివరకు కురొసావాయే దాన్ని తిరగరాసి నిలబెట్టారనీ హషిమొతో ఆ వెంటనే చెబుతారు. లేని ఘనతను తన ఖాతాలో వేసుకోదలచినవాడు తన చేతగానితనాన్ని అంత వివరంగా రాయడు. పైగా ఆయన ఈ రంగంలోకి వచ్చిన తీరు చూడండి. 1938లో సైన్యంలో చేరగానే క్షయ సోకి శానటోరియంలో పడ్డారు. పక్క మంచం రోగి ఇచ్చిన సినిమా పత్రికలో ఒక స్క్రీన్‌ప్లే చదివి, ఇంతేనా, ఇది తానూ రాయగలననుకున్నారు. దేశంలో అందరికన్నా గొప్ప స్క్రీన్‌ప్లే రచయిత ఎవరని అడిగితే ఆ రోగి ఇతామి మన్సాకు పేరు చెప్పాడు. రాసినదాన్ని నేరుగా ఆయనకే పంపి, ఆయనకు శిష్యుడయ్యారు. 1946లో గురువు మరణించేదాకా ప్రతి రచనా ఆయన విమర్శకు నిలిచిందే. తప్పు ఎంచి చూపించుకోవడం ఆ శిక్షణలోనే ఆయనకు అలవడింది.

ప్రతివాది: శిక్షణ మంచిదైనంత మాత్రాన జ్ఞాపకం నమ్మదగినదవుతుందా?

వాది: వాస్తవం పట్ల ఆయనకున్న పట్టుదలను చూపే సంగతి ఒకటి ఉంది. ‘సెవెన్ సమురాయ్’కి ముందు ఒక సమురాయ్ జీవితంలోని ఒకే ఒక్క రోజును సినిమాగా తీయాలని కురొసావా, హషిమొతో అనుకున్నారు. ఉదయం లేచి కోటకు వెళ్ళిన మనిషి ఏదో చిన్న పొరపాటు చేసి, ఆ రోజు ముగిసేలోపు కడుపు చీల్చుకుని చనిపోతాడు. హషిమొతో గ్రంథాలయంలో నెలల తరబడి వెతికారు. అయితే ఆ కాలపు సమురాయ్ మధ్యాహ్నం భోజనం చేసేవాడా, ఇంటినుంచి తెచ్చుకునేవాడా, అసలు రోజుకు రెండు పూటలే తినేవాడా అన్నది ఆయనకు తేలలేదు. అది తేలకుండా కథ నడపలేనని, కురొసావా మండిపడినా, ఆ పని మానుకున్నారు. పాత్ర తినే అన్నం విషయంలోనే ఊహతో సరిపెట్టుకోని మనిషి, నిజంగా జరిగిన దాన్ని రాసేటప్పుడు కల్పనకు దిగుతాడని నేను నమ్మలేను.

ప్రతివాది: సరే, ఆయన నిజాయితీని శంకించను. నా అభ్యంతరం పుస్తకంలోని సిద్ధాంతం మీద. మొదట ఒక రచయిత చిత్తుప్రతి రాసి, దాన్ని అందరూ కలిసి దిద్దే పద్ధతిలో గొప్ప చిత్రాలు వచ్చాయనీ, తరువాత చిత్తుప్రతి లేకుండా నేరుగా తుదిప్రతికి కూర్చునే పద్ధతి మొదలయ్యాక కురొసావా స్క్రీన్‌ప్లేలలో పట్టు సడలిందనీ ఆయన అంటారు. మొదటి పద్ధతిలో చిత్తుప్రతి రాసినది ఎవరు? ‘ఇకిరు’లోనూ ‘సెవెన్ సమురాయ్’లోనూ ఆయనే. తన స్థానం పోయిన చోటే పతనం మొదలైందని చెప్పే వాదాన్ని తటస్థమైనదని ఎలా అంటాం?

వాది: తటస్థమని నేనూ అనను. అయితే దర్శకుడు నొమురా యోషితారో తనతో అన్న మాటను కూడా ఆయన ఆ పుస్తకంలోనే రాశారు. హషిమొతోను కలవకుండా ఉంటే కురొసావా ఇంకా గొప్ప వినోద చిత్రాలు తీసేవారన్నది ఆ మాట సారాంశం. తనమీది అంతటి తీర్పును దాచకుండా అచ్చువేశారు.

ప్రతివాది: ఆ తీర్పు కూడా కురొసావా దారిని మళ్ళించినవాడు హషిమొతోయేనని చెబుతుంది కదా! అది నింద రూపంలో ఉన్న ప్రశంస. ఇతరుల ఋణం చెప్పడంలో ఆయన ఎప్పుడూ ముందున్నారనీ అనలేం. 1958లో టెలివిజన్‌కు రాసిన ‘నేను గవ్వనవ్వాలి’ నాటకంలోని కీలకమైన మాటలు యుద్ధనేరస్థుడిగా శిక్షపడిన కాతో తెత్సుతారో రచనలోనివని పెద్ద వివాదమే జరిగింది.

వాది: జరిగింది. అది ఆయన జీవితంలోని మచ్చే. కానీ ఆయన ప్రతిభకు ఆ పుస్తకం ఒక్కటే సాక్ష్యం కాదు. కురొసావా లేని చోట 1962 నాటి ‘హరాకిరి’ ఉంది. 1974 నాటి ‘ఇసుక కోట’ ఉంది. మత్సుమోతో సెయిచో నవలలో కొద్ది మాటలతో దాటిపోయిన తండ్రీకొడుకుల దేశదిమ్మరి బతుకును, కుష్ఠురోగి అయిన ఆ తండ్రిని తరిమిన ఊళ్ళను, ఆయన యమదా యోజితో కలిసి సినిమాకు గుండెగా మార్చారు. నిర్మాతలు ముందుకు రాక పదేళ్ళకు పైగా మూలపడిన ఆ స్క్రీన్‌ప్లే కోసం చివరకు సొంత నిర్మాణసంస్థనే పెట్టారు.

ప్రతివాది: అదే సంస్థలో 1982లో తానే రాసి, తానే దర్శకత్వం వహించిన ‘మాయా సరస్సు’ ఘోరంగా విఫలమైంది. పక్కన కూర్చుని కాదనేవాడు లేకపోతే ఏమవుతుందో అది చూపింది.

వాది: ఆ కాదనేవాడి కోసమే ఈ పుస్తకం కావాలంటున్నాను. ‘సెవెన్ సమురాయ్’ రాసేటప్పుడు అతామిలోని సత్రంలో కురొసావా, హషిమొతో ఒకే దృశ్యాన్ని విడివిడిగా రాసి ఒగునికి అందించేవారు. ఆయన కలం పట్టకుండా, ఇంగ్లీషు పుస్తకం చదువుకుంటూ కూర్చుని, చేతికి వచ్చిన కాగితాలు చూసి ఏది నిలవాలో తేల్చేవారు. ‘ఇకిరు’ రాసేటప్పుడు కథానాయకుణ్ణి కథ మధ్యలోనే చనిపోనివ్వాలని ఆయన అంటే, కురొసావా కోపంతో అప్పటిదాకా రాసిన కాగితాలు చించేసి మళ్ళీ మొదటినుంచి ప్రారంభించారు. ఆ సినిమాకు ఈనాటికీ ఉన్న బలం ఆ నిర్మాణమే. ఒగుని ఒక్క వాక్యం రాయకుండా చేసిన ఆ పని ఏ కాగితం మీదా మిగలదు. అది మనకు ఇంత వివరంగా తెలిసింది హషిమొతో రాయబట్టే. దానివల్ల ఆయనకు ఒరిగిందేమీ లేదు.

ప్రతివాది: ఒగుని విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. సాక్షికి లాభంలేని సాక్ష్యానికి విలువ ఎక్కువే. ‘రషోమన్’ ఆలోచన ఎవరిదన్న చోట మాత్రం ఇద్దరి కథనాలనూ పక్కపక్కనే ఉంచుతాను, ఏ ఒక్కదాన్నీ చరిత్రగా రాయను.