నీళ్లు తోడి కట్టుకున్న ఊరు

ఆమ్‌స్టర్‌డామ్‌కు ఉత్తరాన ఉన్న మిడ్డెన్‌బేమ్‌స్టర్ చిన్న ఊరు. చుట్టూ పొలాలన్నీ సముద్ర మట్టానికి సుమారు మూడున్నర మీటర్ల దిగువన ఉంటాయి. ఒకప్పుడు అక్కడున్నది పెద్ద సరస్సు. వర్తకులు డబ్బు పెట్టి, చుట్టూ కట్ట పోయించి, గాలిమరలతో నీళ్లు తోడించారు. 1610లో తుఫానుకు కట్ట తెగింది. అయినా వదల్లేదు. చివరికి 43 గాలిమరలు తిరిగితే 1612లో నేల తేలింది. గీత గీసినట్టుండే ఆ రోడ్లు, కాలువలు, పొలాలను యునెస్కో 1999లో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది.

ఇక్కడి పాత రైతు ఇళ్లను స్టోల్ప్ అంటారు. పిరమిడ్‌లా లేచిన ఒకే కప్పు కింద మధ్యలో ఎండుగడ్డి, దాని చుట్టూ మనుషులు, ఆవులు. దూరం నుంచి చూస్తే ఎవరి బతుకు వాళ్లదే అనిపిస్తుంది. కానీ పాడి రైతుకు గడ్డి పచ్చగా ఉండాలంటే కాలువలో నీళ్లు కాస్త ఎత్తున నిలవాలి. పక్కనే బంగాళాదుంప వేసినవాడికి నీళ్లు దిగిపోవాలి, లేకపోతే దుంప కుళ్లిపోతుంది. పంపు మాత్రం ఇద్దరిదీ. కూర్చుని మాట్లాడుకోక తప్పదు. ఆ ఊరి స్వభావం అక్కడే తయారైందని నా నమ్మకం. 1901లో మొదలైన చీజ్ సహకార సంఘం ఇప్పటికీ రైతులదే కావడం వెనకా అదే అలవాటు కనిపిస్తుంది.

నీళ్ల సంగతి చూడటానికి డచ్ దేశంలో విడిగా నీటి బోర్డులు ఉన్నాయి. కొన్నింటి మూలాలు 13వ శతాబ్దం నాటివి. అవి సొంతంగా పన్ను వేస్తాయి, ఎన్నికలు జరుపుతాయి.

అందుకే పశువుల కాలుష్యం తగ్గించాలన్న ఒత్తిడికి నిరసనగా 2019 నుంచి రైతులు ట్రాక్టర్లతో ప్రభుత్వం కొలువున్న హేగ్‌కు వెళ్లడాన్ని వట్టి మొండితనంగా చూడలేను. పశువుల పేడ, మూత్రం నుంచి వచ్చే అమోనియా ప్రకృతి భూములను దెబ్బతీస్తోందన్నది నిజం. ఆ ఏడాది మే 29న కోర్టు ఆ కాలుష్యానికి అప్పట్లో అనుమతులిచ్చే పద్ధతిని కొట్టేయడమూ సబబే. కానీ 2030కల్లా ఉద్గారాలు సగానికి తగ్గాలన్న లక్ష్యం, ఏ ప్రాంతంలో ఎంతన్న మ్యాప్‌తో సహా, పల్లెలకు పైనుంచి వచ్చి పడింది. 2022లో నిరసనగా జాతీయ జెండాలు తలకిందులుగా ఎగిరాయి. 2023 మార్చి రాష్ట్ర ఎన్నికల్లో రైతుల పార్టీ బీబీబీ మొత్తం 12 రాష్ట్రాల్లోనూ మొదటి స్థానంలో నిలిచింది.

ఆవుల సంఖ్య తగ్గాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. ఎవరితో కూర్చుని తగ్గిస్తారన్నదే నా టెన్షన్. నీటి బోర్డుల్లో రైతులకు 2 సీట్లు, ప్రకృతి భూములు చూసేవారికి 2 సీట్లు ఇప్పటికీ కేటాయించి ఉన్నాయి. అమోనియా లెక్క తేల్చడానికి వ్యవసాయ ఒప్పందం పేరుతో వేసిన బల్ల 2023 జూన్‌లో ఒప్పందం లేకుండానే లేచిపోయింది.